ఆర్ఎండీకి లైను లేదు



మార్చి వచ్చిందంటే మా ఊరి లైబ్రరీలో వెనకగది పన్నుల గది అయిపోతుంది. పదేళ్లుగా నేను అక్కడ ఒక బల్ల ముందు కూర్చుని పెద్దవాళ్ల ట్యాక్స్ రిటర్నులు నింపిపెడుతున్నాను. జీతం లేదు. కాఫీ ఇస్తారు, అదీ నీళ్ల కాఫీ. పోయినవారం ఒక డాక్టరుగారు వచ్చారు. గుంటూరులో చదువుకుని 1970ల్లో అమెరికా వచ్చినవారు. లెక్కల్లో ఒకరి సాయం అడగడం ఆయనకు అలవాటు లేదని కూర్చున్న తీరులోనే తెలిసిపోయింది. కవరులోంచి కాగితాలు తీసి, "అమ్మా, అంతా నేనే నింపుకున్నాను. ఒక్కచోటే ఆగిపోయాను. ఈ ఆర్ఎండీ ఏ లైనులో వెయ్యాలో రెండు రోజులుగా వెతుకుతున్నాను, కనబడటం లేదు" అన్నారు.

కనబడదు. లేదు కనుక. 1040 ఫారం రెండు పేజీలూ తిరగేసినా ఆర్ఎండీ పేరుతో ఒక లైను ఉండదు. తియ్యకపోతే జరిమానా వేసే ప్రభుత్వం, తీశాక ఎక్కడ చెప్పాలో దాని పేరు పెట్టి అడగదు. ఇవాళ నేను మాట్లాడేదంతా ఆ ఖాళీ గురించే.

ఇంకా ఆర్ఎండీ వయసు రానివాళ్ల కోసం రెండు ముక్కలు. ఉద్యోగంలో ఉండగా 401(కె)లోనూ, ఐఆర్ఏలోనూ డబ్బు దాచుకున్నాం. వేసిననాడు పన్ను లేదు, పెరిగిన ఇన్నేళ్లూ పన్ను లేదు. విత్తనం మీద వదిలేసిన శిస్తు పంట మీద వసూలు చేస్తానన్నది ఒప్పందం. అయితే పంట కొయ్యకుండా చేలోనే ఉంచేసి పిల్లలకు రాసిచ్చేద్దామనుకునేవాళ్లు ఉంటారు కదా. వాళ్ల కోసం, ఫలానా వయసు వచ్చాక ఏటా కనీసం ఇంత బయటికి తియ్యాలని నియమం పెట్టారు. ఆ కనీసపు మొత్తమే ఆర్ఎండీ. వయసు చాలాకాలం డెబ్బయ్యున్నర. 2019 చట్టం దాన్ని 72 చేసింది, 2022 చట్టం 73 చేసింది. 1960లో గానీ ఆ తరువాత గానీ పుట్టినవాళ్లకు 75. రాత్ ఐఆర్ఏ సొంతదారుకు బతికున్నంతకాలం ఈ గొడవే లేదు.

వయసు అన్నాను కనుక ఒక మాట. జూలై 1న పుట్టినవాళ్లు మా గదికి ఎందరు వస్తారో చెప్పలేను. బడిలో చేర్చేటప్పుడు మాస్టారు వేసిన తారీఖు అది. "నేను నిజానికి మాఘమాసంలో పుట్టానమ్మా, రెండేళ్లు ఎక్కువ వేశారు" అంటారు. ఏం చేస్తాం? ఇక్కడి కాగితాల్లో ఉన్న పుట్టినరోజే లెక్క. మాస్టారు వేసిన రెండేళ్లకు ఇప్పుడు పన్ను కడుతున్నాం.

ఎంత తియ్యాలన్నది కష్టమైన లెక్కేం కాదు. కిందటేడు డిసెంబరు 31న ఖాతాలో ఉన్న మొత్తాన్ని పన్నుల శాఖ ఐఆర్ఎస్ పట్టికలో మీ వయసుకు ఎదురుగా ఉన్న అంకెతో భాగించాలి. 73 ఏళ్లకు 26.5, 74కు 25.5, 80కి 20.2. ఖాతాలో 5 లక్షల 30 వేల డాలర్లు ఉంటే 73వ ఏట 20 వేలు తియ్యాలి. భార్యో భర్తో ఒక్కరే వారసులై, పదేళ్లకు మించి చిన్నవారైతే వేరే పట్టిక ఉంది, దానిలో మొత్తం తగ్గుతుంది. ఖాతా ఉన్న కంపెనీయే చాలావరకు ఈ లెక్క వేసి పంపుతుంది. తియ్యడంలో తప్పు చేసేవాళ్లు నాకు తక్కువగానే కనిపిస్తారు. చెప్పడంలో చేసేవాళ్లే ఎక్కువ.

డబ్బు తీసిన మరుసటి జనవరిలో 1099-ఆర్ అని ఒక కాగితం వస్తుంది. అదే ఐఆర్ఎస్‌కీ వెళుతుంది. దానిలో 1వ గడి మొత్తం తీసిన డబ్బు. 2ఏ గడి పన్ను పడే డబ్బు. 4వ గడి మీ దగ్గర ముందే పట్టుకున్న పన్ను. 7వ గడిలో ఒక గుర్తు ఉంటుంది, మామూలుగా మన వయసువాళ్లకు 7 అనే అంకె. ఆ పక్కన ఐఆర్ఏ అని చిన్న చదరం, దానిలో టిక్కు ఉందో లేదో చూడాలి. ఉంటే ఈ డబ్బు 1040లో 4ఏ, 4బీ లైన్లకు వెళుతుంది. లేకపోతే, అంటే అది 401(కె) నుంచో పెన్షను నుంచో వచ్చినదైతే, 5ఏ, 5బీ లైన్లకు. 'ఏ' లైనులో మొత్తం, 'బీ' లైనులో దానిలో పన్ను పడే భాగం. 20 వేలకు 20 వేలూ పన్ను పడేదే అయితే చాలామంది విషయంలో పని అక్కడితో సరి. డాక్టరుగారిని 4బీ దగ్గర ఏముందో చూడమన్నాను. ఆయన అప్పటికే 20 వేలు వేసుకుని ఉన్నారు. చెప్పవలసింది చెప్పేసి, ఇంకా ఎక్కడ చెప్పాలా అని రెండు రోజులు వెతికారన్నమాట.

"అయితే ఇది ఆర్ఎండీ అని వాళ్లకెలా తెలుస్తుంది?" అన్నారు. మంచి ప్రశ్న. 1099-ఆర్‌లో తెలియదు. కారు కొనడానికి తీసినా, మనవరాలి పెళ్లికి తీసినా, ఆర్ఎండీ కింద తీసినా కాగితం ఒకేలా ఉంటుంది. వేరే దారిలో, 5498 అనే మరో ఫారంలో, ఈ మనిషి ఈ ఏడు ఆర్ఎండీ తియ్యాలి అని ఐఆర్ఏ కంపెనీ ఐఆర్ఎస్‌కు ముందే చెప్పి ఉంటుంది. ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టుకోవడం వాళ్ల పని. మీరు నింపిన రిటర్నులో మౌనంగా ఉన్నారంటే, తియ్యవలసినంతా తీశాను అని చెప్పినట్టే. తక్కువ తీసినప్పుడే నోరు విప్పాలి. దాని ఫారం వేరు, తరువాత వస్తాను.

ఇప్పుడు అసలు సంగతి. 1099-ఆర్ నిజమే చెబుతుంది, కానీ దానికి తెలిసినంత వరకే చెబుతుంది. మీ జీవితంలో ఆ కంపెనీకి తెలియని విషయాలు ఉంటాయి. వాటిని మీరే చెప్పుకోవాలి. చెప్పుకోకపోతే నష్టం మీదే, ఐఆర్ఎస్ ఫోను చేసి "అయ్యా, మీరు ఎక్కువ కట్టారేమో" అని ఆరా తియ్యదు.

అన్నిటికంటే ముందు దానం. మన గుళ్లలో ఈ మాట ఇంకా సరిగా వినబడటం లేదని నా ఫిర్యాదు. డెబ్బయ్యున్నర దాటినవాళ్లు ఐఆర్ఏలోంచి నేరుగా ఒక ధార్మిక సంస్థకు డబ్బు పంపవచ్చు. దీన్ని క్యూసీడీ అంటారు. 2025కు ఒక మనిషికి లక్షా 8 వేల డాలర్ల దాకా, 2026కు లక్షా 11 వేల దాకా. అలా పంపింది ఆర్ఎండీలో లెక్కకు వస్తుంది, కానీ మీ ఆదాయంలోకి రాదు. దానాలను విడిగా మినహాయింపు చూపించుకునే అవసరం లేకుండానే లాభం అందుతుంది. మనలో చాలామందిమి స్టాండర్డ్ డిడక్షనే తీసుకుంటాం కనుక ఇది చిన్న సంగతి కాదు.

మీ 20 వేలలో 5 వేలు గుడికి నేరుగా వెళ్లాయనుకోండి. 1099-ఆర్‌లో 20 వేలే ఉంటుంది, పన్ను పడే గడిలోనూ 20 వేలే కనిపిస్తుంది. ఈమధ్య 7వ గడిలో దీనికోసం వై అనే కొత్త గుర్తు వచ్చింది. అది ఉన్నా లేకున్నా రిటర్నులో చెప్పే పూచీ మీదే. 4ఏలో 20 వేలు, 4బీలో 15 వేలు వేసి, అక్కడే క్యూసీడీ అని తెలిసేలా గుర్తు పెట్టాలి. ఈ ఒక్క గుర్తు పెట్టక, దానమిచ్చిన డబ్బుకు పన్ను కట్టినవాళ్లను మా గదిలో చూశాను. సాఫ్ట్‌వేరు నింపింది కదా అంటారు. సాఫ్ట్‌వేరు మీతోపాటు గుడికి రాలేదు కదా!

దీనిలో మెలికలున్నాయి. చెక్కు సంస్థ పేరు మీద ఉండాలి. డబ్బు మీ బ్యాంకులోకి వచ్చి, అక్కడినుంచి మీరు రాసిచ్చిన చెక్కు పనికిరాదు. 401(కె) నుంచి పంపడం కుదరదు, ఐఆర్ఏ నుంచే. సంస్థ ఈ దేశంలో 501(సి)(3) కింద గుర్తింపు ఉన్నదై ఉండాలి. తిరుమల హుండీలో వేసింది స్వామికి చేరుతుంది, 4బీకి చేరదు. సొంతూరి బడికి నేరుగా పంపినదీ అంతే. ఊళ్లో బడికి పనిచేసే ఇక్కడి సంస్థకు గుర్తింపు ఉంటే దానికి పంపవచ్చు. ఇక, పంపిన డబ్బుకు బదులుగా మీకేమీ రాకూడదు. గుడి విందుకు పది ప్లేట్ల టేబులు తీసుకుని, దాని ఖరీదు క్యూసీడీలో కలిపితే మొత్తం చెడుతుంది. మేమేమీ బదులివ్వలేదు అని సంస్థ రాసిచ్చిన ఉత్తరం రిటర్ను వేసేలోపు మీ చేతిలో ఉండాలి. మరొకటి, జనవరిలోనే ఆర్ఎండీ అంతా సొంతానికి తీసేసుకుని, డిసెంబరులో గుడి గుర్తుకొచ్చి క్యూసీడీ పంపితే, ముందు తీసినదాని మీద పన్ను పోదు. ఏడాదిలో మొదట బయటికొచ్చిన డబ్బే ఆర్ఎండీ కింద జమ. దేవుడి పాలు ముందు తియ్యమని పెద్దలు ఊరికే అనలేదు.

కంపెనీకి తెలియని మరో సంగతి, ఒకసారి పన్ను కట్టేసి ఐఆర్ఏలో వేసిన డబ్బు. జీతం ఎక్కువని మినహాయింపు రాకపోయినా ఐఆర్ఏలో వేస్తూ పోయిన డాక్టర్లూ ఇంజనీర్లూ మనలో బోలెడుమంది. వేసిన ప్రతి ఏడూ 8606 అనే ఫారం పెట్టి ఉండాలి. అన్ని ఐఆర్ఏలూ కలిపి 4 లక్షలు, దానిలో పన్ను కట్టేసిన సొమ్ము 40 వేలు అనుకోండి. తీసిన ప్రతి డాలరులోనూ సుమారు పదో వంతుకు పన్ను ఉండదు. 1099-ఆర్ మాత్రం మొత్తం పన్ను పడేదే అన్నట్టు చూపిస్తుంది. 2బీ గడిలో, పన్ను పడే మొత్తం ఎంతో తేల్చలేదు అని ఒక టిక్కు పెట్టి చేతులు దులుపుకుంటుంది. ఆ టిక్కు చాలామంది చూడరు. పాత 8606లు అటకమీది పెట్టెల్లో ఎక్కడున్నాయో వెతకండి. న్యూజెర్సీలో ఉన్నవాళ్లకైతే రాష్ట్రం లెక్క మళ్లీ వేరు. ఐఆర్ఏలో వేసేనాడే ఆ రాష్ట్రం పన్ను తీసేసుకుంది కనుక, వేసిన అసలు మీద మళ్లీ తీసుకోదు. ఫెడరల్ అంకెనే దించేస్తే రెండుసార్లు కట్టినట్టే.

నా తప్పు కూడా ఒకటి చెప్పుకోవాలి. కొన్నేళ్ల కిందట మా అన్నయ్య రిటర్ను నేనే వేశాను. ఇంటి మనిషి కదా అని రాత్రి వంటయ్యాక కూర్చుని వేశాను. 1099-ఆర్‌లో 4వ గడి వదిలేశాను. ఐఆర్ఏ నుంచి తీసేటప్పుడు వద్దనకపోతే మామూలుగా 10 శాతం పన్ను పట్టుకుంటారు. అది 1040లో 25బీ లైనులో జమ చూపించుకోవాలి. నేను చూపించలేదు. అన్నయ్య రెండు వేల చిల్లర మళ్లీ కట్టాడు. మరుసటేడు కాగితాలు సర్దుతుంటే బయటపడింది. 1040-ఎక్స్ వేసి తెప్పించాం. వదిన మాత్రం ఇప్పటికీ భోజనాల దగ్గర, "మీ చెల్లెలి చేతికిస్తే పన్ను రెండుసార్లు కట్టవచ్చు" అంటుంది. పడాలి మరి.

అలా పన్ను ముందే పట్టుకోవడంలో ఒక సుఖం ఉంది. మూడు నెలలకోసారి అంచనా పన్ను కట్టడం మరిచిపోయేవాళ్లు, డిసెంబరులో ఆర్ఎండీ తీసేటప్పుడు డబ్ల్యూ-4ఆర్ ఫారంలో కాస్త పెద్ద శాతం రాసిస్తే చాలు. అలా పట్టుకున్నది ఏడాది పొడవునా సమానంగా కట్టినట్టే లెక్క వేస్తారు.

ఇక ఇళ్లలో జరిగేది చెబుతాను. భార్యాభర్తలు కలిసి ఒకే రిటర్ను వేస్తారు. డబ్బు వ్యవహారమంతా ఆయన చేతిలో ఉంటుంది. ఆయన ఖాతాలో 20 వేలు, ఆమె ఖాతాలో 4 వేలు తియ్యాలి. "ఒకే ఇల్లు, ఒకే రిటర్ను, ఎవరి ఖాతాలో తీస్తే ఏం" అని తన ఖాతాలోంచి 24 వేలు తీసేస్తారు. తప్పు. పెళ్లి ఇద్దరినీ ఒక్కటి చేసింది గానీ ఐఆర్ఏలను చెయ్యలేదు. ఒక మనిషి తన ఐఆర్ఏలు నాలుగుంటే నాలుగింటి లెక్కా కలిపి ఒక్కదాన్నుంచే తియ్యవచ్చు. 401(కె)లు రెండుంటే మాత్రం దేనిది దాన్నుంచే తియ్యాలి. ఆమెది ఆయన తియ్యడం ఏ పద్ధతిలోనూ లేదు. ఆయన ఎక్కువ తీసిన 4 వేలకూ పన్ను పడుతుంది, ఆమె తియ్యని 4 వేలకూ జరిమానా సిద్ధంగా ఉంటుంది. గోరుచుట్టు మీద రోకటిపోటు.

ఆ జరిమానా ఒకప్పుడు తియ్యనిదానిలో సగం, 50 శాతం. 2023 నుంచి 25 శాతం. రెండేళ్ల గడువులో సరిదిద్దుకుంటే 10 శాతం. అయితే ఇది విన్నవెంటనే చెక్కు రాసెయ్యకండి. ముందు తియ్యవలసిన డబ్బు తీసెయ్యండి. తరువాత 5329 ఫారం, తొమ్మిదో భాగం. ఆ ఏడు ఎంత తియ్యాలో, ఎంత తీశారో వేసి, పొరపాటు ఎందుకు జరిగిందో ఒక కాగితం మీద రాసి జతచేసి, జరిమానా మాఫీ చెయ్యమని అడగవచ్చు. కారణం సమంజసమై ఉండాలి, ఇప్పుడు సరిదిద్దుకుని ఉండాలి. జబ్బు పడ్డాం, ఇంట్లో మనిషి పోయారు, లెక్క తప్పుగా అర్థమైంది అని జరిగింది జరిగినట్టు రాయండి. మాఫీ అడిగే మొత్తానికి ముందే జరిమానా కట్టక్కర్లేదు. ఒప్పుకోకపోతే వాళ్లే రాస్తారు. భార్యాభర్తలిద్దరికీ తప్పు జరిగితే ఎవరి 5329 వారిదే. ఈ ఫారం వెయ్యడానికి మనవాళ్లు ఎంత సిగ్గుపడతారో! దొంగతనం ఒప్పుకుంటున్నట్టు మొహం పెడతారు. వెయ్యకుండా ఊరుకోవడమే తప్పు గానీ వెయ్యడం కాదు.

ఒక మనిషి పోయిన ఏడు ఆయన తియ్యవలసింది మిగిలిపోతే, దాన్ని వారసులు తియ్యాలి. అది వారసుల పేరు మీదే 1099-ఆర్‌లో వస్తుంది, 7వ గడిలో 4 అనే గుర్తుతో. దుఃఖంలో ఇది ఎవరికీ తట్టదు. పిల్లలెవరైనా వింటుంటే గుర్తుపెట్టుకోండి.

హైదరాబాదుకో విజయవాడకో తిరిగి వెళ్లిపోయినవాళ్లు ఇంటర్నెట్‌లో ఈ మాటలు వింటున్నారని తెలుసు. అమెరికా పౌరులైతే ఎక్కడున్నా 1040 తప్పదు. ఇక్కడి ఏడాది జనవరి నుంచి డిసెంబరు, అక్కడిది ఏప్రిల్ నుంచి మార్చి, ఒకే డబ్బు రెండు దేశాల్లో రెండు వేరు ఏళ్లలో పడవచ్చు. 1961 ఆదాయపు పన్ను చట్టంలో 2021లో చేర్చిన 89ఏ సెక్షను ఇటువంటి ఖాతాల కోసమే వచ్చింది. దానికి 10-ఈఈ అనే ఫారం పెట్టారు. ఈ పేర్లు చెప్పగానే తెల్లమొహం వేసే ఆడిటరు దగ్గరికి మాత్రం వెళ్లకండి.

చివరగా ఈ నెలకు సంబంధించిన మాట. 1952లో పుట్టినవాళ్లకు పోయినేడు 73 నిండింది. మొదటి ఆర్ఎండీకి మాత్రమే గడువు మరుసటేడు ఏప్రిల్ 1 దాకా ఉంటుంది. అంటే ఈ ఏప్రిల్ 1, బుధవారం. రిటర్నుకు గడువు ఏప్రిల్ 15, అదీ బుధవారమే. ఈ రెండు బుధవారాలనూ కలిపేసుకుని, ఇప్పుడు మార్చిలో తీసిన డబ్బును పోయినేటి రిటర్నులో వేసేవాళ్లున్నారు. వెయ్యకూడదు. 2025 కోసం తీసినా, తీసింది 2026లో కనుక అది 2026 ఆదాయం. 1099-ఆర్ కూడా వచ్చే జనవరిలోనే వస్తుంది. పైగా 2026 ఆర్ఎండీ డిసెంబరు 31లోపు మళ్లీ తియ్యాలి. మొదటిది 20 వేలు, రెండోది 22 వేలైతే ఒకే ఏడు 42 వేలు ఆదాయంలో కలుస్తాయి. అవి సోషల్ సెక్యూరిటీలో పన్ను పడే భాగాన్ని పెంచవచ్చు. హద్దు దాటితే 2026 ఆదాయాన్ని చూసి 2028లో మెడికేర్ ప్రీమియం పెంచుతారు. గడువు ఇచ్చారు కదా అని వాడుకోవడం అందరికీ లాభం కాదు.

డాక్టరుగారి కాగితాలన్నీ చూశాక ఒక్కటే అడిగాను, "మీ ఆవిడగారి 1099-ఆర్ ఏదండీ?" అని. కవరు బోర్లించారు. లేదు. ఇంటికి ఫోను చేశారు. ఆమె పేరు మీద వచ్చిన కవరు తెరవకుండా దేవుడి గదిలో అగరొత్తుల పెట్టె కింద ఉంది. ఆమెకు 74 ఏళ్లు. ఆ కవరులో ఏముందో మర్నాడు చూశాం. ఆమె ఖాతాలోంచి పోయినేడు ఒక్క డాలరూ బయటికి రాలేదు, అది 1099-ఆర్ కానే కాదు, మీరు ఆర్ఎండీ తియ్యాలి అని కంపెనీ రాసిన ఉత్తరం. ఆ డబ్బు తీసేసి, 5329 నింపి, కారణం చెప్పే ఉత్తరం ఆమె మాటల్లోనే రాశాం. తెలుగులో చెప్పింది, నేను ఇంగ్లీషులో పెట్టాను.

ఈ రాత్రి మీ ఇంట్లో మీ పేరు కాక ఇంకొకరి పేరున్న కవర్లు కూడా తెరిపించి చూడండి.